బోరు నీళ్లలో అమెజాన్ చేపలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా డిస్కస్ గురించే. మిగతావాటిలో ఎక్కువ రామ్, ఏంజెల్ చేపల మీద. అన్నీ దక్షిణ అమెరికా నదులవి, అన్నీ సిక్లిడ్ కుటుంబానివి. అందుకని గోల్డ్ ఫిష్, ఫ్లవర్‌హార్న్ ప్రశ్నలు వచ్చే నెలకు పెట్టుకుని ఈసారి శీర్షిక మొత్తం వీటికే ఇస్తున్నాను. "ఇవి సున్నితమైన చేపలు, మా వల్ల కాదేమో" అని చాలామంది రాశారు. సరిగ్గా చూసుకుంటే డిస్కస్ పదేళ్లు బతుకుతుంది. ఏంజెల్ కూడా ఇంచుమించు అంతే. నీళ్ల గుణం మాటిమాటికీ మారిపోతే మాత్రం తట్టుకోలేవు. ఈ నెల జవాబులన్నీ తిరిగి తిరిగి ఆ ఒక్క చోటికే వస్తాయి.

ప్రశ్న: రెండు నెలల కిందట ఆరు డిస్కస్ పిల్లలు కొన్నాం. రెండున్నర అడుగుల తొట్టి. బోరు నీళ్లు, మీటరు పెడితే టీడీఎస్ 900. అయినా అపార్టుమెంటులో సాఫ్ట్‌నర్ ప్లాంటు ఉంది కదా, నీళ్లు మెత్తనివేనని ధైర్యంగా ఉన్నాం. రెండు చేపలు పోయాయి. మిగతావి నల్లబడి మూలకు చేరాయి. ఏ మందు వెయ్యాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కొంపల్లి

ఇప్పుడే ఏ మందూ వెయ్యకండి. ముందు నీళ్లు చూద్దాం.

సాఫ్ట్‌నర్ ప్లాంటు బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం తీసేసి వాటి బదులు సోడియం పెడుతుంది. దాంతో బకెట్లకు తెల్లపొర కట్టదు, సబ్బు నురగ వస్తుంది, గీజరు ఎక్కువకాలం వస్తుంది. కరిగి ఉన్న లవణాల మొత్తం మాత్రం తగ్గదు. మీ మీటరు ఇంకా 900 చూపించడానికి కారణం అదే. ఆ నీళ్లు మన స్నానానికి మెత్తగానే ఉంటాయి గానీ డిస్కస్‌కి మాత్రం ఉప్పు నీళ్లే. హైదరాబాదు అపార్టుమెంట్ల నుంచి వచ్చే ఉత్తరాల్లో ఈ పొరపాటు చాలాసార్లు చూస్తుంటాను.

డిస్కస్‌కి శాస్త్రీయ నామం పెట్టింది వియన్నాలో పనిచేసిన హెకెల్, 1840లో. ఆయన చేతికొచ్చిన చేప బ్రెజిల్‌లోని రియో నెగ్రో నదిది. అడవి ఆకులు నాని నాని ఆ నది నీళ్లు డికాక్షన్ రంగులో ఉంటాయి. నీళ్ల పులుపును చెప్పే పీహెచ్ 4, 5 మధ్య (7 కన్నా ఎంత తగ్గితే అంత పులుపు). కరిగిన లవణాలు మన ఇంటి ఆర్వో నీళ్లలో ఉన్నన్ని కూడా ఉండవు. మీరు కొన్నవి అక్కడ పట్టినవి కావు లెండి, ఫారాల్లో పుట్టినవి. కొన్ని తరాలుగా కాస్త గట్టి నీళ్లకు అలవాటు పడ్డాయి. 200, 300 టీడీఎస్‌లో హాయిగా పెరుగుతాయి, 400 దాకా ఓర్చుకుంటాయి. 900 వాటికి చాలా ఎక్కువ.

నీళ్లు కలుపుకునే లెక్క తేలికే. ఆర్వో నీళ్లు 30 అనుకుందాం. మూడు బకెట్ల ఆర్వో, ఒక బకెట్ బోరు కలిపితే 90, 900 కలిసి 990. నాలుగు బకెట్లకు పంచితే దాదాపు 250. ఆ ఒక్క బకెట్టూ సాఫ్ట్‌నర్‌కి ముందున్న కుళాయి నుంచి పట్టండి, మీ వాచ్‌మన్‌ని అడిగితే చూపిస్తాడు. మొత్తం ఆర్వోనే పోసేద్దామని అనుకోకండి. అందులో పీహెచ్‌ని నిలబెట్టే కార్బొనేట్లు ఉండవు. వారం తిరిగేసరికి పీహెచ్ ఎక్కడికి జారిపోతుందో చెప్పలేం. మున్సిపాలిటీ నీళ్లు వస్తుంటే మరీ మంచిది, మీటరు పెట్టి చూసుకుని ఆర్వో తగ్గించుకోండి. వాటిలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి డ్రమ్ములో పట్టి, యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి, రాత్రంతా ఎయిర్ స్టోన్ నడిపి వాడండి. మా ఇంట్లో వాష్ ఏరియాలో ఒక నీలం డ్రమ్ము ఇందుకోసమే ఉంటుంది. చేపల నీళ్లు తప్ప అందులో మరొకటి పట్టనివ్వను.

ఈ లెక్క చూసి ఇవ్వాళే తొట్టి ఖాళీ చేసి కొత్త నీళ్లు నింపితే ఉన్న నాలుగూ పోతాయి. చేప ఒంట్లోని లవణాలకీ బయటి నీళ్లకీ మధ్య పొత్తు కుదర్చాల్సినవి మొప్పలు, కిడ్నీలు. వాటికి సమయం కావాలి. రోజు విడిచి రోజు తొట్టిలో పదో వంతు తీసి, కలిపిన నీళ్లు పొయ్యండి. మూడు, నాలుగు వారాల్లో మీటరు దానంతట అదే దిగుతుంది. పోసే నీళ్ల వేడి తొట్టిలోని నీళ్లతో సమానంగా ఉండాలి. డిస్కస్‌కి 28 నుంచి 30 డిగ్రీలు కావాలి. మన డిసెంబరు రాత్రుల్లో హీటరు లేకుండా కుదరదు.

తొట్టి కూడా చిన్నదే. రెండున్నర అడుగులది మహా అయితే 130 లీటర్లు. పెరిగిన డిస్కస్ చెయ్యంత ఉంటుంది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటే 250 లీటర్లు. ఆరింటికి అది కనీసం. తొట్టి చిన్నదని రెండో మూడో ఉంచుకుందామా అంటే, అన్నిటికన్నా బలహీనమైనదాన్ని మిగతావి మేత దగ్గరికి రానివ్వవు. గుంపు పెద్దదైతే ఆ పొడుపులు అందరికీ పంచుకుపోతాయి.

ఇక మందు సంగతి. రేపు పొద్దున మేత వెయ్యకముందు తొట్టి ముందు పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. మొప్పలు రెండూ ఆడుతున్నాయా, ఒకవైపుదే ఆడుతోందా చూడండి. ఒకటి మూసుకుని ఒకదానితోనే ఊపిరి పీలుస్తుంటే మొప్పల్లో పురుగు ఉందని అనుమానించాలి. ఎదురుగా వచ్చినప్పుడు నుదుటి దగ్గర చూడండి. కళ్ల పైన కండ నిండుగా ఉంటే మంచిదే, కత్తి అంచులా పలచబడితే చాన్నాళ్లుగా సరిగ్గా తినడం లేదని. మలం చూడండి. తిన్న మేత రంగులో ఉండాలి. తెల్లగా, జిగురుగా, దారంలా వేలాడుతుంటే పేగుల్లో స్పైరోన్యూక్లియస్ అనే సూక్ష్మజీవి ఉండి ఉండవచ్చు. దానికి మెట్రోనిడజోల్ పనిచేస్తుంది, మేతలో కలిపి ఇస్తే మరీ బాగా. మోతాదు మాత్రం మత్స్య కళాశాల వాళ్లనో, చేపల వైద్యం తెలిసిన పశువైద్యులనో అడిగి వెయ్యండి. ఆంధ్రలో ముత్తుకూరులో, తెలంగాణలో పెబ్బేరులో ప్రభుత్వ మత్స్య కళాశాలలున్నాయి. దుకాణంలో పొట్లం కట్టి ఇచ్చే పసుపు పొడి అన్ని రోగాలకూ మందు కాదు. అది ఫిల్టర్‌లోని మంచి బాక్టీరియాను చంపితే అమ్మోనియా పెరిగి, అసలు రోగం కంటే ముందు అదే చేపల్ని తీసుకుపోతుంది.

ప్రశ్న: జర్మన్ బ్లూ రామ్ అంటే నాకు ప్రాణం. మూడుసార్లు జతలు తెచ్చాను. నెల తిరగకుండా పోతున్నాయి. మా అత్తగారు నా చెయ్యి మంచిది కాదంటున్నారు.
– గృహిణి, విశాఖపట్నం

అమ్మా, మీ చేతిలో ఏ లోపమూ లేదు. మీ ఉత్తరంలోనే కారణం ఉంది: "ప్రతిసారీ తొట్టి మొత్తం కడిగి, ఎండబెట్టి, కొత్త నీళ్లు పట్టి అదే రోజు వదిలాను" అని రాశారు. అంత శుభ్రమైన తొట్టిలో రామ్ బతకదు. చేప వదిలే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో, ఇసుకలో కాపురం పెట్టాలి. అందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రామ్‌కి నేనైతే ఇంకా ఎక్కువే చెబుతాను. వేరే చిన్న చేపలతో మూడు నెలలు నడిచిన తొట్టిలో, ఇసుక మీద సన్నటి నాచు పట్టాక తెచ్చుకోండి.

పేరులో జర్మన్ అని ఉన్నా ఈ చేప వెనిజులా, కొలంబియాల్లో ఒరినోకో నది చుట్టూ ఉన్న గడ్డి మైదానాలది. ఎండకు కాగే పల్చటి నీళ్లు, మెత్తటి ఇసుక, మొక్కల నీడ. అందుకే దీనికి 27 నుంచి 30 డిగ్రీల వేడి కావాలి. మీ విశాఖలో ఏడాదిలో ఎక్కువ కాలం హీటరు లేకుండానే ఆ వేడి ఉంటుంది. ఆ విషయంలో మీరు మా సికింద్రాబాదు వాళ్లకన్నా అదృష్టవంతులు.

కొనేటప్పుడు కంటికి కొట్టొచ్చినట్టు రంగున్న జతను వదిలేసి, కాస్త వెలిసినట్టున్న చిన్నవాటిని తీసుకోండి. ఎక్కువ రంగు కోసం హార్మోన్లు కలిపిన మేత పెట్టే ఫారాలున్నాయి. అలాంటివి ఇంటికి వచ్చాక రంగూ నిలవదు, ప్రాణమూ నిలవదు. దుకాణదారుణ్ని మీ ముందే మేత వెయ్యమనండి. ఇసుక నోట్లోకి తీసుకుని మొప్పల్లోంచి వదులుతూ మేత వెతుక్కునే చేప ఆరోగ్యంగా ఉన్న చేప. మేతను లోపలికి తీసుకుని ఉమ్మేసేది వద్దు.

ఒక్క సంగతికి ముందే సిద్ధపడండి. రామ్ ఆయుష్షు రెండు, మూడేళ్లే. మూడో ఏడు నిండాక పోతే మీ తప్పేమీ లేదు, అది తన కాలం బతికి వెళ్లిందని మీ అత్తగారికి చెప్పండి.

ప్రశ్న: నా తొట్టి నడుస్తూ చాలా ఏళ్లయింది. ఏంజెల్ చేపలు నాలుగూ బాగానే ఉన్నాయి. నీళ్లు ఆవిరైనంత మేరకు పోస్తుంటాను, మార్చడం అరుదు. ఈ మధ్య ఏ కొత్త చేప తెచ్చినా రెండో రోజుకు పోతోంది. నీళ్లు పాడయ్యాయేమోనని మొన్న ముప్పాతిక భాగం తీసేసి బోరు నీళ్లు పోశాను. ఆ రాత్రే రెండు పాత ఏంజెల్స్ పోయాయి. శుభ్రం చేస్తే చచ్చిపోవడమేమిటి?
– విశ్రాంత ఉపాధ్యాయులు, హనుమకొండ

మాస్టారూ, ఈ నెల వచ్చినవాటిలో అందరూ చదవాల్సిన ఉత్తరం మీదే. రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే, కాస్త ఓపిగ్గా వినండి.

ఆవిరయ్యేది నీరు మాత్రమే. లవణాలు తొట్టిలోనే మిగులుతాయి. మళ్లీ బోరు నీళ్లు పోసినప్పుడల్లా ఇంకొన్ని చేరతాయి. అలా ఏళ్ల తరబడి టీడీఎస్, నైట్రేట్ పెరుగుతూ పోయాయి. ఇంకోవైపు ఫిల్టర్ బాక్టీరియా అమ్మోనియాను మార్చే పనిలో నీళ్లలోని కార్బొనేట్లను తింటూ వచ్చింది. అవి అయిపోయాక పీహెచ్ జారడం మొదలైంది. పీహెచ్ 6 కిందికి దిగితే ఆ బాక్టీరియా పని కూడా మందగిస్తుంది. ఇదంతా రోజుకు కాస్త చొప్పున జరిగింది కాబట్టి మీ ఏంజెల్స్ ఆ నీళ్లకు ఒదిగిపోయాయి. దుకాణం నుంచి వచ్చిన కొత్త చేప ఒక్క గంటలో ఆ నీళ్లలో పడింది. తట్టుకోలేకపోయింది.

ఇక ఆ రాత్రి ఏం జరిగిందంటే. పుల్లటి నీళ్లలో అమ్మోనియా దాదాపుగా అమ్మోనియం రూపంలో ఉంటుంది, చేపకు పెద్దగా హాని చెయ్యదు. బాక్టీరియా మందగించినందువల్ల మీ తొట్టిలో అది బాగా పేరుకుని ఉంది. మీరు పోసిన బోరు నీళ్ల పీహెచ్ 8 దగ్గర ఉండి ఉంటుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితేనే విషపు రూపంలోని అమ్మోనియా దాదాపు పది రెట్లవుతుంది. మీ తొట్టిలో ఆ దూకుడు ఇంకా పెద్దది. అప్పటిదాకా నిద్రపోతున్న అమ్మోనియం మొత్తం ఆ కొద్ది గంటల్లోనే విషమైంది. మీరు పోసిన నీళ్లు మంచివే. అవి పడ్డ వేగం తట్టుకునే స్థితిలో తొట్టి లేదు.

మిగిలిన రెండింటి కోసం ఇలా చెయ్యండి. రెండు మూడు రోజులు మేత ఆపండి. మార్కెట్లో దొరికే అమ్మోనియా టెస్ట్ కిట్ తెచ్చుకోండి. అమ్మోనియాను కట్టిపడేసే ద్రవం దుకాణంలో దొరికితే వెయ్యండి. ఇక నుంచి రోజూ ఒక్క బకెట్, అంతే. తొట్టి పీహెచ్, మీరు పోసే నీళ్ల పీహెచ్ దగ్గరపడే దాకా అలాగే. ఆ తర్వాత వారానికి నాలుగో వంతు మారుస్తూ ఉండండి. తగ్గిన నీళ్లు నింపడానికి మాత్రం ఆర్వో నీళ్లే వాడండి, ఎందుకంటే పోయింది నీరే కదా. నైట్రేట్ 20, 30 దాటకుండా చూసుకుంటే కొత్త చేపలకూ చోటుంటుంది.

వారం వారం చేసే ఆ చిన్న పని ఎవరి కంటికీ ఆనదు. ఫలితం ఏళ్ల తర్వాత తెలుస్తుంది. తొట్టి పక్కన ఒక నోటుపుస్తకం పెట్టి తేదీ, టీడీఎస్, పీహెచ్, వేడి రాసుకోండి. హాజరుపట్టీ రాసిన చెయ్యి మీది, మీకు నేను చెప్పాలా!

ప్రశ్న: మే నెలలో మా ఇంట్లో తొట్టి నీళ్లు 33, 34 డిగ్రీలకు పోతున్నాయి. దానికి తోడు కరెంటు కోత. డిస్కస్ వేడి చేప కదా, ఫరవాలేదా?
– బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

31 వరకు కంగారు పడకండి. 33 దాటితే ప్రమాదం. వేడి కన్నా పెద్ద సమస్య ఊపిరి. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ కరగగలదు, 32 డిగ్రీలకు అది 7 చిల్లరకు పడిపోతుంది. అదే వేడిలో చేపకు మాత్రం ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. అందుకే ఎండాకాలం డిస్కస్ పైకి వచ్చి నోరు తెరుస్తుంటాయి.

పైమూత తీసి వలమూత పెట్టి, చిన్న ఫ్యాను నీళ్ల మీదికి తిప్పండి. రెండు, మూడు డిగ్రీలు తగ్గుతుంది. లైటు సాయంత్రం మాత్రమే వెయ్యండి. బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి, స్పాంజి ఫిల్టర్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. మావారు ఎయిర్ పంప్ ఒక్కదాన్నీ ఇన్వర్టరు లైనుకు కలిపారు. అది తాగే కరెంటు నాలుగైదు వాట్లే కాబట్టి ఇన్వర్టరుకు బరువే కాదు. కరెంటు లేనప్పుడు మేత వెయ్యొద్దు. ఐసు ముక్కలు వెయ్యొద్దు.

క్యానిస్టర్ ఫిల్టర్ ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి: కొన్ని గంటలు ఆగిపోతే ఆ మూసిన డబ్బాలో ఆక్సిజన్ అయిపోయి నీళ్లు కుళ్లుతాయి. కరెంటు రాగానే అది తిరిగి మొదలై ఆ నీళ్లన్నీ తొట్టిలోకి వదులుతుంది. పొద్దున లేచి చూస్తే చేపలన్నీ వెల్లకిలా పడి ఉండటానికి చాలా ఇళ్లలో కారణం ఇదే. ముందు ప్లగ్గు తీసి, డబ్బాలో నీళ్లు పారబోసి, స్పాంజిని తొట్టి నీళ్లతో ఒకసారి పిండి, అప్పుడు పెట్టండి.

ప్రశ్న: మా ఇంట్లో మాంసం ముట్టం. డిస్కస్‌కి గొడ్డు గుండె మాంసం పెట్టకపోతే పెరగవంటున్నారు. నిజమా?
– ప్రైవేటు స్కూలు టీచరు, తెనాలి

పెరుగుతాయి. గుండె మాంసం ఫారాల వాళ్ల అలవాటు, పిల్లలు త్వరగా సైజుకు రావాలని పెడతారు. అమెజాన్ వరద మైదానాల్లో డిస్కస్ ఏం తింటాయో పరిశోధకులు చూశారు. మునిగిన కొమ్మల మీద పట్టిన నాచు, కుళ్లిన ఆకుల పొడి, మొక్కల ముక్కలు, వాటితో పాటు చిన్న చిన్న నీటి పురుగులు. క్షీరదాల కొవ్వు వాటి పొట్టకు అలవాటే లేదు. మంచి గుళికలు, స్పైరులినా అనే నాచు పొడి కలిసినవి, పిల్లలకు రోజుకు నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా, పెద్దవాటికి రెండుసార్లు పెట్టండి. గుళికల్లోనూ చేపల పొడి ఉంటుంది, అది మీకు అభ్యంతరమైతే ఈ చేప మీ ఇంటికి తగదని చెప్పాలి. మురుగు కాలువల్లో పట్టి అమ్మే ట్యూబిఫెక్స్ పురుగుల్ని మాత్రం ఎవరి ఇంట్లోనూ పెట్టొద్దు. వాటితో పాటు ఏ రోగం వస్తుందో ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న: నా డిస్కస్ జత నాలుగుసార్లు గుడ్లు పెట్టింది. రెండో రోజుకే అన్నీ తెల్లబడుతున్నాయి. పిల్లలు పుట్టాక తల్లిని తీసెయ్యాలా?
– ఇంటర్ విద్యార్థి, రాజమహేంద్రవరం

బాబూ, ముందు నీ దగ్గరున్నది జతేనా చూడు. రెండు ఆడచేపలు కూడా పక్కపక్కన తిరిగి, గోడ తుడిచి, గుడ్లు పెడతాయి. గుడ్లు పెట్టే వేళ కింద చిన్న గొట్టం బయటికొస్తుంది. ఆడదానికి లావుగా, చివర మొద్దుగా. మగదానికి సన్నగా, మొనదేలి. జతే అయితే తప్పు నీళ్లదే కావచ్చు. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో గుడ్డు సరిగ్గా ఫలదీకరణ చెందదు. గుడ్లు పెట్టే తొట్టికి మాత్రం 100 లోపు టీడీఎస్ చెయ్యి, ఇందాక కొంపల్లి వారికి చెప్పిన లెక్కతోనే, మెల్లగా.

మంచి గుడ్డు తేనెరంగులో పారదర్శకంగా ఉంటుంది. రెండు రోజులు దాటాక తోకలు ఆడటం కనిపిస్తుంది. ఇంకో మూడు రోజులకు పిల్లలు ఈదడం మొదలుపెడతాయి. అప్పుడు తల్లిని తీశావో, అన్నీ పోతాయి. తండ్రిని కూడా తియ్యొద్దు. డిస్కస్ పిల్లలు తొలి రోజుల్లో తినేది తల్లిదండ్రుల ఒంటి మీది జిగురునే. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్లు 2010లో ప్రచురించిన పరిశోధనలో, గుడ్లు పెట్టిన దగ్గర్నుంచి ఆ జిగురులో ప్రొటీన్లు, రోగనిరోధక పదార్థాలు పెరగడం చూశారు. ఇద్దరూ వంతులవారీగా మేపుతారు. ఒకరు అలసినప్పుడు ఒళ్లు ఒక్కసారి విదిలిస్తారు, పిల్లల గుంపు మొత్తం రెండోవారి పక్కకు వెళ్లి అతుక్కుంటుంది. నేను ఎన్నిసార్లు చూసినా మళ్లీ చూడాలనిపించేది అదే. మూడో వారం వచ్చేసరికి పెద్దవి పిల్లల్ని తప్పించుకుని తిరగడం మొదలుపెడతాయి, అదీ సహజమే. ఈదడం మొదలైన నాలుగైదు రోజులకే ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి రొయ్యల పిల్లల్ని మేతగా అలవాటు చెయ్యి. మన తీరం వెంబడి రొయ్యల హేచరీల్లో వాడే ఆర్టీమియానే. కొత్త జత మొదటి కొన్ని కాన్పులు తానే తినేస్తుంది. దానికి బాధపడి జతను విడదీయకు.

ప్రశ్న: బాదం ఆకు వేస్తే నీళ్లు మెత్తబడతాయా?
– వ్యాపారి, కాకినాడ

మెత్తబడవు. మన వీధుల్లోని బాదం చెట్టు ఆకే, ఎండి రాలినది, కడిగి యాభై లీటర్లకు ఒకటి చొప్పున వెయ్యండి. నీళ్లకు రంగొస్తుంది, బూజు కాస్త తగ్గుతుంది, చేపలకు బెరుకు పోతుంది. కార్బొనేట్లు ఎక్కువున్న బోరు నీళ్లలో పీహెచ్ ఏమంత కదలదు. పురుగుమందు కొట్టిన తోటలోవి, రోడ్డు దుమ్ము పట్టినవి వద్దు.

ప్రశ్న: నాలుగు వారాలు ఇండియా వెళ్తున్నాం. ఎనిమిది పెద్ద డిస్కస్ ఉన్నాయి. ఆటోమేటిక్ ఫీడర్ పెట్టి వెళ్లొచ్చా?
– తెలుగు దంపతులు, న్యూజెర్సీ

వద్దు. వారం రోజులైతే పెద్ద చేపలు మేత లేకుండానే ఉండగలవు. నాలుగు వారాలకు మనిషి కావాలి. రోజు విడిచి రోజు వచ్చి, మీరు విడివిడిగా కట్టి తేదీ రాసి పెట్టిన పొట్లం ఒకటి మాత్రం వేసేలా ఒప్పించండి. తెలియనివాళ్లు జాలితో ఎక్కువ వేస్తారు, మిగతా డబ్బా అల్మరాలో దాచేసి వెళ్లండి. రెండో వారం చివర ఒకసారి నీళ్లు మార్చగల స్నేహితులుంటే అడగండి. ఎంత నీరు తియ్యాలో అద్దం మీద టేపు అంటించి, మీ ఊరి కుళాయి నీళ్లకు సరిపడా క్లోరిన్ మందు కొలిచి పెట్టండి. అమెరికాలో చాలా ఊళ్లలో క్లోరమిన్ వాడతారు, అది రాత్రంతా ఉంచినా పోదు.

ప్రశ్న: డిస్కస్ తొట్టిలో నాచు తింటుందని సక్కర్ చేపను వేశాం. ఇప్పుడు జానెడైంది. రాత్రిళ్లు డిస్కస్ ఒంటికి అతుక్కుంటోంది. చేపల మీద గుండ్రటి మచ్చలు పడ్డాయి. దీన్ని ఊరి చెరువులో వదిలేద్దామా?
– రైతు కుటుంబం, కైకలూరు

దయచేసి వదలకండి. కైకలూరులో ఉండి మీరీ మాట అడిగారంటే నాకు భయం వేసింది. మీ చుట్టుపక్కల చేపల చెరువుల్లో వలలు చింపేస్తూ, రైతులు దెయ్యం చేప అని పిలిచేది దీని జాతినే. అదీ దక్షిణ అమెరికాదే, ఇలా ఎవరి తొట్టిలోంచో బయటపడిందే. ఒంటి నిండా గట్టి పలకలు కాబట్టి మన చేపలేవీ దాన్ని తినలేవు. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. ఒకసారి చెరువు పట్టిందంటే వదిలించుకోవడం ఎవరితరమూ కాదు.

కొన్న దుకాణానికే తిరిగి ఇచ్చేయండి. డబ్బు అడక్కపోతే చాలామంది తీసుకుంటారు. డిస్కస్ మచ్చలు నీళ్లు శుభ్రంగా ఉంటే వాటంతటవే మానతాయి. రెండు వారాలు రోజూ పదో వంతు నీళ్లు మార్చండి, బూజు కనిపిస్తే అప్పుడు రాయండి. తొట్టి అడుగున తిరిగే చేప కావాలంటే స్టెర్బాయ్ కోరిడోరాస్ ఆరు తెచ్చుకోండి, డిస్కస్ వేడిని అవి తట్టుకుంటాయి. అద్దం మీది నాచుకు పాత స్పాంజి ముక్క ఒకటి చాలు, వారానికోసారి మీ పిల్లల చేత తుడిపించండి.